ఒత్తు కనిపించే తెర

ల్యాప్‌టాప్ పక్కన పెట్టుకోవడానికి మానిటర్ కొందామనుకునేవాళ్లు మొదట అడిగేది ఎన్ని అంగుళాలని, ఆ తర్వాత అడిగేది ఎంత ఖరీదని. తెలుగు చదవడమే పనిగా ఉన్నవాళ్లు, అంటే ప్రూఫులు దిద్దేవాళ్లు, అనువాదకులు, పత్రికల డెస్కుల్లో కూర్చునేవాళ్లు, డీటీపీ చేసేవాళ్లు, ఈ రెండిటికంటే ముందు అడగాల్సింది ఇంకొకటుంది. ఆ తెరలో ఒక్కో అంగుళానికి ఎన్ని చుక్కలు పడతాయి? దాన్నే పిక్సెల్ సాంద్రత అంటారు. పెట్టె మీద అది పెద్దక్షరాల్లో ఉండదు, మనమే లెక్క కట్టుకోవాలి. పుస్తకాల ప్రతులు సరిచూసే పనిలో ఉన్న నాకు మానిటర్‌కున్న గుణాలన్నిట్లో అదే మొదటిది. మిగతావన్నీ దాని తర్వాతే.

చదవడం కాసేపు ఆపి, మన లిపిని ఊరికే చూడండి. ఇంగ్లీషు అక్షరాలు ఒక గీత పట్టుకుని పక్కపక్కనే నడిచిపోతాయి. మన అక్షరం కిందికీ పైకీ కూడా పెరుగుతుంది. నడుమ హల్లు, నెత్తిన తలకట్టో గుడో ఏత్వమో, కింద ఒత్తు, ఒక్కోసారి ఆ ఒత్తుకు తోడు ఇంకో ఒత్తు. 'రాష్ట్రం'లో ష కింద ట, దాని పక్కన ర చేరి కూర్చుంటాయి. 'లక్ష్మి'లో క్ష మీద గుడి ఉంది, కింద మ ఒత్తు ఉంది. గుడికీ గుడి దీర్ఘానికీ తేడా కొసన ఒక మెలిక. ఎత్వానికీ ఏత్వానికీ తేడా కూడా అంతే. ద, ధ లను విడదీసేది అడుగున చిన్న గీత. ధ, థ లను విడదీసేది పొట్టలో ఒక చుక్క. మాటలో అర్థాన్ని మోసే ముక్కల్లో చాలా భాగం ఇంత చిన్నవి, అవి ఉండేదీ ఎక్కువగా అక్షరం అంచుల్లోనే.

ఆ చుక్క ఒత్తులోకి దిగినప్పుడు చూడాలి. 'అర్థం', 'అర్ధం' రెండూ సరైన మాటలే. రెంటికీ తేడా ర కింద వేలాడే ఒత్తు పొట్టలో చుక్క ఉందా లేదా అన్నదే. స్పెల్లింగు సరిచూసే సాఫ్ట్‌వేర్ ఇలాంటిచోట సాయపడదు, రెండూ నిఘంటువులో ఉన్న మాటలు కాబట్టి. 'స్థలం' అని ఉండాల్సినచోట ధ ఒత్తు పడిన ప్రతులు నా దగ్గరికి ఎన్నో వస్తాయి. టైపు చేసినవాళ్లను తప్పుపట్టాలని నాకెప్పుడూ అనిపించదు. వాళ్ల ముందున్న తెరలో ఆ చుక్కకు చోటే లేదు.

చోటు లేదని ఊరికే అనడం లేదు, లెక్క చూద్దాం. పుస్తకాల్లో మామూలుగా వాడే 12 పాయింట్ల అక్షరం అంటే అంగుళంలో ఆరో వంతు, దాదాపు 4.2 మిల్లీమీటర్లు. మన ఆఫీసుల్లో, ఇళ్లలో ఎక్కువగా కనిపించేది 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్. అడ్డంగా 1920, నిలువుగా 1080 పిక్సెళ్లు. అంగుళానికి 92 చుక్కలు. అంటే 12 పాయింట్ల అక్షరానికి మొత్తం మీద 15 చుక్కల ఎత్తు దక్కుతుంది. అందులోనే పైన గుడికీ, నడుమ హల్లుకీ, కింద ఒత్తుకీ పంచాలి. ఒత్తు వాటాకు అయిదారు చుక్కలు వస్తే గొప్ప. ఆ అయిదారు చుక్కల్లో థ ఒత్తు గుండ్రన, దాని అడుగు గీత, పొట్టలో ఉన్న చుక్క అన్నీ వెయ్యాలి. ఏడు చుక్కల ముగ్గులో తిరిగే మెలికలు మూడు చుక్కల ముగ్గులో తిరగవు. తెర చేయగలిగినదల్లా అక్కడ ఒక బూడిదరంగు మచ్చ పెట్టడమే. అది థ అనో ధ అనో కన్ను నిర్ణయించదు, అలవాటు నిర్ణయిస్తుంది. సరిచూసేవాళ్లకు అలవాటును మించిన శత్రువు లేదు.

అదే 27 అంగుళాల 4కె తెర తీసుకుంటే 3840, 2160 పిక్సెళ్లు. అంగుళానికి 163. ఆ 12 పాయింట్ల అక్షరానికే 27 చుక్కల ఎత్తు. ఎత్తూ వెడల్పూ రెండు దిక్కులా పెరిగింది కనుక అదే అక్షరాన్ని గీయడానికి దక్కే చుక్కలు మూడింతలు దాటాయి. థ ఒత్తులో చుక్క ఇప్పుడు నిజంగా చుక్కలాగే కనబడుతుంది.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. ఈ మధ్య వచ్చే మామూలు ల్యాప్‌టాప్ 14 అంగుళాలదైతే, దాని తెర ఫుల్ హెచ్‌డీదే అయినా, అంగుళానికి 157 చుక్కలు పడతాయి. 15.6 అంగుళాలదైతే 141. దాని పక్కన కళ్లకు హాయిగా ఉంటుందని 27 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్ తెచ్చిపెట్టుకుంటాం. దాని సాంద్రత 82 మాత్రమే. ఉన్న పిక్సెళ్లే పెద్ద గోడ మీద పరిచినట్టు, ఒక్కో చుక్క లావెక్కింది తప్ప కొత్తగా ఒక్కటీ చేరలేదు. డబ్బు పెట్టి కొన్న తెర మీద తెలుగు, ల్యాప్‌టాప్‌లో ఉన్నదానికంటే మొరటుగా కనిపిస్తుంది. ఇక చేతిలో ఫోను సంగతి. ఆరున్నర అంగుళాల, 1080కి 2400 పిక్సెళ్ల మామూలు ఫోనులో అంగుళానికి 405 చుక్కలు. ఒక తెలుగు వార్తను రాసి, దిద్ది, పేజీలో పెట్టే మనిషి 92 చుక్కల తెర మీద చూస్తుంటే, దాన్ని బస్సులో నిలబడి చదివే పాఠకుడు 405 చుక్కల తెర మీద చూస్తున్నాడు. తప్పు ముందుగా పాఠకుడికి కనిపించడంలో వింతేముంది?

ఎన్ని చుక్కలుంటే చాలు అన్నదానికి కంటి వైద్యంలో ఒక కొలత ఉంది. మామూలు చూపున్న కన్ను, డిగ్రీలో 60వ వంతు ఎడం ఉన్న రెండు చుక్కలను విడివిడిగా పోల్చుకోగలదు. ఆసుపత్రిలో గోడకు తగిలించే అక్షరాల పటంలో 6/6 వరుసను కట్టింది ఆ లెక్క మీదే. కుర్చీలో కూర్చుంటే మానిటర్ మనకు 60 సెంటీమీటర్ల దూరంలో ఉంటుందనుకుందాం. ఆ దూరంలో ఆ కోణం 0.17 మిల్లీమీటర్లకు సమానం. 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ తెరలో ఒక్కో పిక్సెల్ 0.28 మిల్లీమీటర్లు. అంటే కన్ను చూడగలిగినంత తెర చూపించడం లేదు. 27 అంగుళాల 4కె తెరలో ఒక్కో పిక్సెల్ 0.16 మిల్లీమీటర్లు. ఇక్కడికి కన్నూ తెరా సమానమయ్యాయి. పైగా గీతలు కలిసేచోట చిన్న వంకర ఉంటే దాన్ని పట్టడంలో కన్ను ఈ లెక్కకంటే కూడా చురుకైనది. అందుకే 218 చుక్కల 5కె తెర పక్కన 163 పెట్టి చూస్తే తేడా తెలుస్తూనే ఉంటుంది. ఆ తేడాకు ఎంత ఇవ్వొచ్చన్నది వేరే మాట. 2022లో ఆపిల్ 5కె స్టూడియో డిస్‌ప్లే మన దేశంలో 1,59,900 రూపాయలకు వచ్చింది. ప్రూఫులు దిద్దే ఆదాయానికి అది అందని మాట.

తక్కువ చుక్కల తెరల మీద అక్షరాన్ని నునుపు చేసే ఉపాయాలు లేకపోలేదు. 1998లో మైక్రోసాఫ్ట్ క్లియర్‌టైప్ అనే పద్ధతిని ప్రకటించింది. ఒక్కో పిక్సెల్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం ముక్కలు పక్కపక్కన ఉంటాయి. వాటిని విడివిడిగా వెలిగిస్తే అడ్డంగా మూడింతల సూక్ష్మత వచ్చినట్టవుతుంది. చాలా తెలివైన పని, ఎన్నో ఏళ్లు లోకమంతటి కళ్లనూ కాపాడింది. అయితే ఆ లాభం అడ్డంగానే. నిలువు గీతలు ఎక్కువగా ఉండే ఇంగ్లీషు లిపికి అది అచ్చంగా అతికినట్టు సరిపోయింది. కింద ఒత్తులు, పైన గుడులు పేర్చుకునే మన లిపికి చోటు చాలనిది నిలువులో. ఆ దిక్కున క్లియర్‌టైప్ కొత్తగా ఏమీ ఇవ్వలేదు. మాకింతోష్ వాడేవాళ్లకు ఈ పాటి ఊతం కూడా 2018లో వచ్చిన మ్యాక్‌ఓఎస్ మొజావేతో పోయింది. ఆపిల్ అలాంటి పద్ధతిని అందులో మానేసింది. అందుకే మ్యాక్‌బుక్‌ను తక్కువ సాంద్రత మానిటర్‌కు కలిపినప్పుడు అక్షరాలు పలచగా, అలుక్కుపోయినట్టు కనిపిస్తాయి. మానిటర్ పాడైందేమోనని కంగారుపడక్కర్లేదు.

ఈ చరిత్రలో 2001 నాకెప్పుడూ ఆగి చూడాలనిపించే సంవత్సరం. ఆ ఏడాది ఐబీఎమ్ టీ220 అనే మానిటర్ విడుదల చేసింది. 22.2 అంగుళాల తెరలో 3840కి 2400 పిక్సెళ్లు, అంగుళానికి 204. ధర ఇరవై వేల డాలర్ల చుట్టూ. అప్పటి కేబుల్ ఒక్కటి అంత బొమ్మను మోయలేక ఒకటికి మించి తగిలించాల్సి వచ్చేది. దాన్ని కొన్నవి ప్రయోగశాలలు, పెద్ద సంస్థలు. సరిగ్గా అదే ఏడాది విండోస్ ఎక్స్‌పీ వచ్చింది. విండోస్ 2000లో దేవనాగరికీ తమిళానికీ చోటు దొరికినా తెలుగు యూనికోడ్ గౌతమి ఫాంటుతో మన కంప్యూటర్లలోకి అడుగుపెట్టింది ఎక్స్‌పీతోనే. తెలుగును నిండుగా చూపించగల తెర, తెలుగు చూపించడం నేర్చుకున్న కంప్యూటర్, రెండూ ఒకే ఏడాది పుట్టాయి. కానీ ఒకదాని సంగతి ఒకదానికి తెలియదు. గౌతమి గడిచిన కాలమంతా అంగుళానికి 90 చుక్కల చుట్టూ ఉన్న తెరల మీదే. ఆ ఫాంటును తిట్టినవాళ్లు చాలామంది. వరుసల మధ్య దానికున్న ఎడం నాకూ నచ్చదు. ఒత్తులు ముద్దగా కనిపించిన పాపంలో మాత్రం సగం తెరలదే.

ఆ తర్వాత కథ వేగంగా నడిచింది. 2010లో ఐఫోన్ 4, అంగుళానికి 326. 2012లో రెటినా మ్యాక్‌బుక్ ప్రో, 220. అదే ఏడాది విండోస్ 8తో పాటు నిర్మలా యూఐ ఫాంటు. 2014లో 5కె ఐమ్యాక్. ఇంకోపక్క మండలి, రామభద్ర, సూరన్న, పెద్దన, గిడుగు, గురజాడ వంటి తెలుగు ఫాంట్లు ఎవరైనా ఉచితంగా వాడుకునేలా వచ్చాయి. సన్న గీతలు, లావు గీతలు కలిపి గీసిన ఫాంట్లు మంచి తెర మీద చూస్తే, వాటిని గీసినవాళ్ల చెయ్యి తిరిగిన తీరు తెలుస్తుంది. 92 చుక్కల తెర మీద అవన్నీ ఒకే పోలికకు వచ్చేస్తాయి.

సాంద్రత సరే, కొలత ఏది? నా ఓటు 27 అంగుళాలకు. అదీ నా పని కాగితంతో ముడిపడినది కాబట్టి. 24 అంగుళాల తెర ఎత్తు దాదాపు 30 సెంటీమీటర్లు. ఏ4 కాగితం పొడవు 29.7. మెనూలూ కింది పట్టీ పోగా పేజీ పూర్తిగా పట్టదు. 27 అంగుళాల తెర 60 సెంటీమీటర్ల వెడల్పు, 33 సెంటీమీటర్ల పైచిలుకు ఎత్తు. రెండు ఏ4 పేజీలు అసలు కొలతలో పక్కపక్కన నిలుస్తాయి. ఒకవైపు రచయిత పంపిన ప్రతి, రెండోవైపు డీటీపీ అయి వచ్చిన ప్రతి. తల అటూ ఇటూ తిప్పుకుంటూ ఒక్కో వాక్యం పోల్చుకోవచ్చు. 32 అంగుళాల 4కెలో ఇంకా చోటుంటుంది గానీ సాంద్రత 138కి దిగుతుంది. కాస్త వెనక్కి జరిగి కూర్చునే అలవాటుంటే అదీ మంచిదే. 34 అంగుళాల వెడల్పాటి వంపు తెరలు చూడముచ్చటగా ఉంటాయి, సాంద్రత మాత్రం 110 దగ్గరే ఆగిపోతుంది. లెక్కల పట్టికలకు బాగుంటుందేమో, తెలుగుకు నేను చెప్పను.

మానిటర్ నిలువుగా తిప్పగలిగే స్టాండు ఉంటే దాని ఆనందం వేరు. 27 అంగుళాల తెరను నిలబెడితే 60 సెంటీమీటర్ల ఎత్తు వస్తుంది, దాదాపు ఒక దినపత్రిక పేజీ. పాత పత్రికల సంచికలు చాలావాటిని ప్రెస్ అకాడమీ వాళ్లు స్కాన్ చేసి పెట్టారు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పుణ్యమా అని పాత తెలుగు పుస్తకాలూ వేలల్లో దొరుకుతాయి. ల్యాప్‌టాప్‌లో ఆ పేజీలు చదవాలంటే పెద్దది చేసుకుని, అటూ ఇటూ జరుపుకుంటూ, ఏ కాలమ్‌లో ఉన్నామో వెతుక్కుంటూ సగం ఓపిక పోతుంది. నిలువు 4కె తెర మీద పేజీ మొత్తం ఒక్కసారిగా నిలబడుతుంది. సంపాదకీయం ఎక్కడుందో, దాని పక్కన ఏ ప్రకటన వేశారో, ఏ వార్తకు ఎంత చోటిచ్చారో అన్నీ ఒక చూపులో. పాత పత్రికను పత్రికలాగే చదవగలగడం నాకు ఈ తెరలు ఇచ్చిన పెద్ద కానుక. సీసపు అచ్చుల కాలంలో అరిగిన ఒత్తులను పోల్చుకోవడానికి ప్రతి చుక్కా పనికొస్తుంది.

చుక్కలు పెరిగితే అక్షరాలు చిన్నవైపోతాయని భయపడేవాళ్లకు ఒక మాట. విండోస్‌లో స్కేలింగ్ 150 శాతం పెడితే 27 అంగుళాల 4కె తెర మీద మెనూలూ అక్షరాలూ మామూలు కొలతకు వస్తాయి. మిగిలిన చుక్కలు నాణ్యతకు ఖర్చవుతాయి. మ్యాక్‌లో ఇదే కొలత కావాలంటే బొమ్మను లోపల 5కెగా గీసి 4కెకు కుదిస్తుంది. కొంచెం పదును తగ్గుతుందని అంటారు. నా కళ్లకు ఆ తగ్గుదల తెలుగులో పట్టించుకునేంతగా తోచలేదు.

అసలు ఇబ్బంది పాత సాఫ్ట్‌వేర్‌తో. మన తెలుగు ప్రచురణలో ఇప్పటికీ పేజ్‌మేకర్, అను ఫాంట్లు నడుస్తూనే ఉన్నాయి. పేజ్‌మేకర్ 7 వచ్చింది కూడా 2001లోనే, ఆ తర్వాత 8 రాలేదు. అంగుళానికి 96 చుక్కలుంటాయన్న ఊహ మీద కట్టిన ప్రోగ్రాం అది. 4కె తెర మీద తెరిస్తే బొత్తాలు చీమల్లా కనిపిస్తాయి, లేదంటే విండోస్ మొత్తం కిటికీని ఫోటో సాగదీసినట్టు సాగదీస్తుంది, అక్షరాలు మసకబారతాయి. ప్రోగ్రాం గుర్తు మీద కుడివైపు నొక్కి, ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీలోకి వెళ్తే హై డీపీఐ సెట్టింగులు ఉంటాయి. అక్కడ ఒక్కోటీ మార్చి చూస్తే కొంత కుదురుకుంటుంది. రోజంతా పేజ్‌మేకర్‌లోనే కూర్చునేవాళ్లు 27 అంగుళాల 2560, 1440 పిక్సెళ్ల తెర తీసుకోవడమే మేలు. సాంద్రత 109. స్కేలింగ్ పెట్టకుండానే అన్నీ చదవగలిగే కొలతలో ఉంటాయి. అది రాజీయే. కానీ 82 నుంచి 109కి రావడం కూడా చిన్న మెట్టు కాదు.

కేబుళ్ల దగ్గర చాలామంది మోసపోతారు, అందుకే ఇది చెప్పి తీరాలి. 4కె తెరను సెకనుకు 60 సార్లు గీయాలంటే దాదాపు 12 గిగాబిట్ల సమాచారం పారాలి. హెచ్‌డీఎంఐ 1.4 ఉన్న పాత ల్యాప్‌టాప్‌లు అంత మోయలేవు, 30 సార్లతో సరిపెడతాయి. అప్పుడు మౌసు బాణం చెయ్యి వెనకాల ఈడ్చుకుంటూ వస్తుంది, పేజీ జరిపితే అక్షరాలు తడబడతాయి. హెచ్‌డీఎంఐ 2.0 గానీ డిస్‌ప్లేపోర్ట్ 1.2 గానీ ఉండాలి. యూఎస్‌బీ-సి రంధ్రం ఉంటే చాలు అనుకోవడం ఇంకో పొరపాటు. చూడ్డానికి అన్నీ ఒకేలా ఉంటాయి గానీ కొన్ని ఛార్జింగుకీ ఫైళ్లకీ తప్ప బొమ్మను పంపవు. రంధ్రం పక్కన డిస్‌ప్లేపోర్ట్ గుర్తో థండర్‌బోల్ట్ మెరుపు గుర్తో ఉందేమో చూసుకోవాలి, లేకపోతే ల్యాప్‌టాప్ మోడల్ వివరాల్లో వెతకాలి. అన్నీ కలిసొస్తే ఒకే యూఎస్‌బీ-సి తీగతో బొమ్మా వెళ్తుంది, ల్యాప్‌టాప్‌కు ఛార్జింగూ వస్తుంది. మానిటర్ ఎన్ని వాట్లు ఇస్తుందో, మన ల్యాప్‌టాప్‌కు ఎన్ని కావాలో సరిపోల్చుకుంటే చాలు. మధ్యలో చవక డాక్ పెడితే మళ్లీ 30 దగ్గరికే దిగజారే ప్రమాదముంది. ఆ డాక్ తీగలో సగం దారుల్ని యూఎస్‌బీకి ఇచ్చి సగమే బొమ్మకు ఉంచుతుంది కాబట్టి.

ప్యానెల్ విషయానికొస్తే ఐపీఎస్ చాలు. పక్కనుంచి చూసినా రంగు మారదు. ఓఎల్‌ఈడీల్లో నలుపు ఎంత బాగున్నా చాలావాటిలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం ముక్కల అమరిక మామూలు వరుసలో ఉండదు, అక్షరాల అంచుల వెంట రంగు చార కనిపిస్తుంది. సినిమాలకు అవి, చదువుకు ఇవి. సెకనుకు 144 సార్లు, 240 సార్లు అని రాసినవి ఆటలవాళ్లకు. తెర మీద మెరుపు లేని పూత ఉండటం మన ఇళ్లలో, కిటికీ పక్క బల్లల దగ్గర, చాలా అవసరం. బైఫోకల్ కళ్లద్దాలు వాడేవాళ్లు తెరను కాస్త కిందికి దించుకోవాలి, లేకపోతే గడ్డం పైకెత్తి చదివీ చదివీ మెడ పట్టేస్తుంది. ఎత్తు సరిచేసుకునే స్టాండు కోసం రెండు వేలు ఎక్కువిచ్చినా నష్టం లేదు.

కొనేముందు చూసి కొనాలన్నది నా పట్టుదల. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది, కంప్యూటర్ సామాన్లకు పేరుపడిన చోటు. ఇలాంటి కొట్లలో తెరల మీద ఎప్పుడూ రంగుచేపలు ఈదుతుంటాయి, పూలు విచ్చుకుంటుంటాయి. ఏ తెర అయినా వాటిని అందంగానే చూపిస్తుంది. ఒక కొట్లో కుర్రవాడు అడిగాడు.

"గేమింగ్‌కా సార్, వీడియో ఎడిటింగ్‌కా?"

"తెలుగు చదవడానికి బాబూ."

ఒక క్షణం ఆగి, "అయితే మీ ఫైలుందా సార్, పెట్టి చూద్దాం" అన్నాడు. మంచి కుర్రవాడు. నేను చెప్పకముందే పెన్‌డ్రైవ్ కోసం చెయ్యి చాచాడు.

ఆ ఫైలు ఎవరైనా తయారు చేసుకోవచ్చు. ఒకే పేజీ. నిర్మలా, మండలి, నోటో వంటి నాలుగైదు ఫాంట్లలో, 9, 10, 12 పాయింట్ల కొలతల్లో కొన్ని మాటలు. అర్థం, అర్ధం. స్థలం. బాధ. లక్ష్మి. రాష్ట్రం. పక్కపక్కన మ, య. ప, ష. కె, కే. పి, పీ. దాన్ని పీడీఎఫ్ చేసుకోవాలి. చూసే ప్రోగ్రాంలో నూరు శాతం అని ఉన్నదాన్ని నమ్మకూడదు, ఒక్కో తెర మీద ఒక్కోలా వస్తుంది. వెంట ఒక ఏ4 కాగితం తీసుకెళ్లి తెరకు ఆనించి, పేజీ సరిగ్గా అంతే అయ్యేదాకా సవరించాలి. అప్పుడు ఏ తెరను ఏ తెరతో పోల్చినా న్యాయంగా ఉంటుంది. ఆ తర్వాత మొహం దగ్గర పెట్టుకోకుండా, ఇంట్లో కూర్చునేంత దూరంలో కూర్చుని చదవాలి. చివర్లో తెరంతా తెల్లగా ఒకసారి, నల్లగా ఒకసారి చేసి, చచ్చిన పిక్సెళ్లేమైనా ఉన్నాయేమో చూడాలి. మన లిపిలో చుక్క ఉండకూడనిచోట చుక్క ఉన్నా ప్రమాదమే.

ఈ మధ్య మన మార్కెట్లో 27 అంగుళాల 4కె మానిటర్ ఇరవై వేల పైచిలుకు నుంచి దొరుకుతోంది. సొంతంగా కొనుక్కోగలిగినవాళ్లు కొనుక్కుంటారు. నా బాధ వేరేవాళ్ల గురించి. మన భాషలో అచ్చయ్యే ప్రతి పుస్తకం, ప్రతి పత్రిక పేజీ ముందుగా ఒక డీటీపీ ఆపరేటర్ కళ్ల ముందు నుంచి పోవాలి. నెల జీతం మీద పనిచేసే ఆ మనిషి తన తెరను తాను ఎంచుకోలేడు, యజమాని ఇచ్చిన దాని ముందు రోజుకు తొమ్మిది పది గంటలు కూర్చుంటాడు. చాలాచోట్ల అది ఏళ్లనాటి, 90 చుక్కల తెర. ముఖచిత్రానికి ఆర్ట్ పేపరూ, దాని మీద మెరుపు పూతా వేయించే ప్రచురణకర్తలు ఆ ఖర్చులో కొంత ఈ తెర మీద పెట్టాలని నేను కనిపించినప్పుడల్లా అడుగుతూనే ఉన్నాను. ఒకరిద్దరు విన్నారు.

మీసేవ కేంద్రాల్లో, తహసీల్దారు ఆఫీసుల్లో తెలుగులో పేర్లు ఎక్కించే ఆపరేటర్లకూ ఇదే వర్తిస్తుంది. పట్టాదారు పేరులో ద ఉందో ధ ఉందో, ఊరి పేరులో ఒత్తు ఉందో లేదో అక్కడ తేలిపోతుంది. పొరపాటు పడితే దిద్దించుకోవడానికి ఆ రైతు మళ్లీ దరఖాస్తు పెట్టుకుని, మళ్లీ తిరగాలి. ఆ బల్ల మీద ఒక మంచి తెర పెట్టి, దాన్ని దరఖాస్తుదారుకు కూడా కనిపించేలా కాస్త పక్కకు తిప్పి ఉంచితే, బొత్తం నొక్కకముందే ఆయన తన పేరు తాను చదువుకుని 'ఇక్కడ ఒత్తు పోయిందండీ' అని చెప్పగలుగుతాడు.